అప్పున్నోని చేతికి తాళంచెవి ఇయ్యొచ్చా?

కోరుట్లలో మా పక్కింటి అబ్బాయికి కేంద్ర సాయుధ బలగాల్లో కానిస్టేబుల్ కొలువు వచ్చింది. పరుగులో నెగ్గాడు, రాతపరీక్షలో నెగ్గాడు, డాక్టర్ల పరీక్షలోనూ నెగ్గాడు. మిగిలింది అటెస్టేషన్ ఫారం ఒక్కటే. ఉన్న ఊళ్లు, చదివిన బళ్లు, తల్లిదండ్రుల వివరాలు అన్నీ నింపాడు. ఒక గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఈ ఫారం నింపే నాటికి నీమీద ఏదైనా కోర్టులో కేసు నడుస్తున్నదా అని అడిగే గడి అది.

నడుస్తున్నది. వాళ్ల నాన్న మస్కట్ వీసా కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చాడు. జమానతుగా ఈ అబ్బాయి తన చెక్కు మీద సంతకం పెట్టాడు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు. అక్కడి కంపెనీ ఎనిమిది నెలలకే పని లేదని నాన్నను తిప్పి పంపింది. మిత్తి ఆగింది. చెక్కు బ్యాంకుకు వెళ్లి, ఖాతాలో డబ్బు లేక తిరిగి వచ్చింది. కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. "అప్పు కేసే గదా, లేదని రాసెయ్, ఎవడు చూస్తడు" అని తోటి పిల్లలు సలహా ఇచ్చారు.

ఆ ఆదివారం ఇద్దరు చుట్టాలు వచ్చారు. ఒకరు జగిత్యాల నుంచి వచ్చిన మేనమామ, స్పెషల్ బ్రాంచిలో పనిచేసి ఏఎస్ఐగా రిటైరైన మనిషి. రెండోవాడు సిరిసిల్ల నుంచి వచ్చిన పెద్దమ్మ కొడుకు, అక్కడి కోర్టులో వకీలు, ఆ మామకు వాడూ మేనల్లుడే. అబ్బాయికి ఆరేళ్లు లెక్కలు చెప్పిన మాస్టారునని నన్నూ పిలిచారు. అబ్బాయి తల్లి వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వింటున్నది. ఆ మాటలను నాకు గుర్తున్నంత వరకు ఇక్కడ పెడుతున్నాను. ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చట కాదు.

మామ: ముందుగాల నా మాట చెప్త, తర్వాత నువ్వు వకీలు తీరుగ మాట్లాడు. కొలువులు వచ్చిన పిల్లల గురించి నేను ఎన్ని ఎంక్వైరీలు చేసిన్నో లెక్క లేదు. ఊర్లెకు పోతే ముందుగాల సర్పంచ్ ఇంటికి పోయేటోన్ని గాదు. కిరాణం కొట్టు కాడికి పోయేటోన్ని. సోడా తాగుకుంట, "ఫలానోళ్ల ఖాతా ఎట్లుంటది?" అని అడిగేటోన్ని. సేటు ఖాతా బుక్కు తెరవకముందే ఆయన మొఖంల నాకు జవాబు దొరికేది. నెలకోసారి వచ్చి పావలాతో సహా కట్టిపోయే ఇల్లు వేరు. సందు మార్చుకోని పోయే ఇల్లు వేరు.

అల్లుడు: ఫారంల అప్పు గురించిన గడే లేదు గదా మామ. మరి ఎందుకు అడిగేటోనివి?

మామ: గడి లేకపోతే ఏమాయె, మనిషిని తెలుసుకోవద్దా? అప్పంటే ముక్కుతాడు అల్లుడా. ఎద్దు ఎంత బలమైనదైనా ముక్కుతాడు ఎవని చేతుల ఉంటే వాని ఎనుక పోతది. రేపు వీడు విమానాశ్రయం గేటు కాడ నిలవడ్డడనుకో, లేకుంటే అణు కర్మాగారం కాడ. బాకీలోడు వచ్చి, "నీ అప్పు మాఫీ చేస్త, గా బ్యాగు చూడకుంట ఇడిసిపెట్టు" అన్నడనుకో. అప్పు లేనోడు వాని గల్ల పడ్తడు. అప్పున్నోడు ఒక్క నిమిషం ఆలోచిస్తడు. ఆ ఒక్క నిమిషమే నాకు భయం.

అల్లుడు: నీ భయం నాకు సమజైతది. కని మన మూడూర్లను పక్కపక్కన పెట్టి చూడు. సిరిసిల్లల మా బాపు బట్ట నేసే సాంచాలు నడిపిండు. పాలిస్టర్ గుడ్డకు కూలి మీటరు లెక్కన, పైసలల్ల వచ్చేది. నూలు ధర పెరిగితే అప్పు, కరెంటు బిల్లు పెరిగితే అప్పు, యజమాని బీములు ఇయ్యకుంటే అప్పు. అప్పుల బాధకు ఎంతమంది నేతోళ్లు ప్రాణాలు తీసుకున్నరో నేను చిన్నప్పటి సంది చూసిన. 2017ల సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చినంక సాంచాలు నిండుగ నడిచినయ్. ఆర్డరు ఆగినప్పుడల్లా అప్పు మల్ల వాకిట్ల నిలవడ్డది. కోరుట్లల, జగిత్యాలల దుబాయి, మస్కట్, సౌదీ. ఏజెంటుకు కట్టకుంట పోయినోడు ఎవడన్న ఉన్నడా? పోవుడే అప్పుతోని పోతరు. పని దొరికితే రెండేండ్లల్ల తీరుతది, దొరకకుంటే కంపెనీ ఇడిసి కల్లివెల్లి అయ్యి దొంగతనంగ బతుకుతరు. అప్పున్న ఇంటి పిలగాన్ని నమ్మొద్దంటే, ఈ మూడూర్ల పిల్లలు సర్కారు కొలువుల మీద ఆశ ఇడిసిపెట్టుకోవాలె.

మామ: నేను అప్పున్న ఇల్లు అనలే. అప్పున్న మనిషి అన్న. బాపు అప్పు బాపుదే. కని వీడు చెక్కు మీద తన సంతకం పెట్టిండు. ఆ గడియ నుంచి అది వీని అప్పు. కట్టలేనోడు కోర్టుల దివాలా అర్జీ, ఐపీ, పెడ్తడు సూడు, ఐపీ పెట్టి ఇంకా బయట పడనోడు ఎంపీ, ఎమ్మెల్యే కారాదని రాజ్యాంగమే చెప్పింది. 102వ అధికరణ, 191వ అధికరణ. శాసనం చేసేటోనికే ఆ నియమం ఉన్నప్పుడు, తుపాకి పట్టేటోనికి ఉండొద్దా?

అల్లుడు: మంచి మాట తీసినవ్. అండ్ల ఏమున్నదో చూడు. కోర్టు దివాలా అని తీర్పు చెప్పాలె, ఆ తీర్పు నుంచి ఇంకా విముక్తి రాకపోవాలె. అంటే ఒక జడ్జి కూసోని రెండు పక్కల మాట విన్నంకనే అనర్హత. సేటు మొఖం చూసి గాదు.

మామ: సేటు మొఖం వట్టిగ తీసెయ్యకు. సర్కారు గూడ అప్పును చిన్న ముచ్చట అనుకోలే. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమాలు 1964ల వచ్చినయ్. 17వ నియమం ఏం చెప్తది? ఉద్యోగి తన సొంత వ్యవహారాలను అప్పుల అలవాటు లేకుంట, దివాలా తీయకుంట నడుపుకోవాలె. అప్పు వసూలుకు ఎవలన్న కోర్టుకు పోతే, ఆ సంగతి మొత్తం తానే పై అధికారికి చెప్పాలె. నేను చెప్తున్నదీ గదే.

అల్లుడు: ఆ నియమం కింద ఉన్న గమనిక గూడ చదువు మామ. మామూలు జాగ్రత్తతోని ముందుగ ఊహించలేని పరిస్థితుల వల్లనో, తన చేతుల లేని పరిస్థితుల వల్లనో అప్పు అయిందనీ, దుబారా వల్ల, చెడు తిరుగుళ్ల వల్ల కాలేదనీ ఉద్యోగి చూపెట్టుకోవచ్చు. ఆ నియమం రాసినోళ్లకు అప్పు రెండు తీర్లని తెలుసు.

మామ: నువ్వు వకీలువు, సగం చదివి నాకు ఇడిసిపెడ్తున్నవ్. చూపెట్టుకునే భారం ఎవరి మీద పెట్టిండ్రు? ఉద్యోగి మీద! సర్కారు మీద గాదు. అప్పు కనబడితే అనుమానం మొదలైతది, దాన్ని తీర్చుకునేది నువ్వు. నేను గంతే అంటున్న.

అల్లుడు: సరే, భారం ఉద్యోగి మీదనే. ఒప్పుకుంట. కని భారం మోయాలంటే మోసే జాగ చూపాలె. చెప్పుకోవాలంటే వినే చెవి ఉండాలె. నా కొట్లాట దానికోసమే.

(అప్పుడు మామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన తన ముప్పై ఏళ్ల ఉద్యోగాన్ని కాపాడుకుంటున్నట్టు అనిపించింది నాకు.)

మామ: చెవి గురించి తర్వాత. ముందు దేశం గురించి మాట్లాడు. అమెరికాల రోనాల్డ్ పెల్టన్ అని ఒకడు ఉండె. వాళ్ల రహస్య నిఘా సంస్థ ఎన్ఎస్ఏల చేసిండు. 1979ల దివాలా తీసిండు, కొలువు ఇడిసిపెట్టిండు. 1980 జనవరిల సక్కగ సోవియట్ రాయబార కార్యాలయానికి పోయి తన బుర్రల ఉన్న రహస్యాలు అమ్ముకున్నడు. ఎంతకు? 35 వేల డాలర్లకు. సముద్రం అడుగున సోవియట్ల కేబుల్ మీద అమెరికా పెట్టిన నిఘా అట్ల బయట పడ్డది. ఆల్డ్రిచ్ ఏమ్స్ సీఐఏల ఉండె. విడాకుల ఖర్చు, కొత్త సంసారం ఖర్చు. 1985ల 50 వేల డాలర్ల కోసం మొదలుపెట్టిండు. వాడు అమ్మిన పేర్లల్ల ఎంతోమందిని సోవియట్లు చంపిండ్రు. మరి మన విశాఖపట్నం? 2019 డిసెంబర్‌ల నావికాదళంల పనిచేసే ఏడుగురిని పట్టుకున్నరు. ఓడలు ఎక్కడున్నయో పాకిస్థానోళ్లకు చెప్పిండ్రని ఆరోపణ. ఫేస్‌బుక్‌ల ఆడపిల్లల పేర్లతోని వల వేసిండ్రు, పైసలు ముట్టచెప్పిండ్రు. కేసు ఎన్ఐఏకు పోయింది. పైసల అవసరం ఎంత దూరం తీసుకపోతదో చూడు.

అల్లుడు: పెల్టన్ ముచ్చటకు నా దగ్గర జవాబు లేదు, అది నీ పక్కనే. కని ఏమ్స్ సంగతి పూర్తిగ చెప్పు. వాడు పైసలు తీసుకున్నంక ఏం చేసిండు? 5 లక్షల 40 వేల డాలర్ల ఇల్లు రొక్కం పెట్టి కొన్నడు. జాగ్వార్ కారుల ఆఫీసుకు వచ్చిండు. జీతగాడు అంత ఇల్లు ఎట్ల కొన్నడని గట్టిగ అడిగినోడు లేడు. 1994ల గని దొరకలే, అంటే తొమ్మిదేండ్లు. వాన్ని పట్టియ్యాల్సింది అప్పు గాదు, అప్పు ఒక్కసారి మాయమైన తీరు. కట్టుకుంట పోయేటోన్ని చూసి భయపడ్డరు గని, కట్టకుండనే తీరిపోయినోన్ని చూసి భయపడలే.

మామ: అది ఒప్పుకుంట. మేము గూడ కొత్త బంగ్లాను చూసే అడగాలె. కని అప్పున్నప్పుడే కన్నేసి ఉంచితే బంగ్లా దాక పోదు గదా?

అల్లుడు: కన్నేసి ఉంచుడు వేరు, గేటు మూసుడు వేరు. అమెరికా వాళ్లే ఆ దెబ్బలు తిన్నంక ఏం రాసుకున్నరో చెప్త. రహస్య పత్రాలు చూసే అర్హతకు వాళ్ల దగ్గర 13 మార్గసూత్రాలు ఉన్నయ్. ఇప్పుడు నడుస్తున్నది 2017 జూన్ 8 నుంచి అమలైంది. అండ్ల ఆరోది మొత్తం పైసల గురించే. బాకీ కట్టలేని స్థితి, పైసలుండీ కట్టని బుద్ధి, జూదం, ఎక్కడిదో చెప్పలేని సంపద. ఇవన్నీ అనుమానం కిందికి వస్తయ్. ఆ కిందనే ఇంకో పట్టిక. కొలువు పోయిందా? జబ్బు చేసిందా? విడాకులైనయా? మోసపు అప్పుల పడ్డవా? ఆ కష్టంల నువ్వు బాధ్యతగ నడుచుకున్నవా? అప్పిచ్చినోనితోని మాట్లాడి కడుతున్నవా? ఇవి ఉంటే అప్పున్నా గూడ క్లియరెన్స్ ఇయ్యొచ్చు. ఇయ్యమంటే ఎందుకియ్యరో కాయితం మీద రాసియ్యాలె. రక్షణ శాఖ కాంట్రాక్టుల మీద పనిచేసేటోళ్లయితే జడ్జి ముందు నిలవడి తమ లెక్క చెప్పుకోవచ్చు. మన దిక్కు నుంచి పోయి అక్కడి పౌరులైనోళ్ల పిల్లలు ఇట్లాంటి కొలువులకు అర్జీ పెడ్తే, క్రెడిట్ కార్డు బాకీ గురించి ఇవే ప్రశ్నలు. అక్కడ పుట్టిన మన పిలగానికి ఉన్న చెవి, కోరుట్లల పుట్టిన వీనికి ఎందుకు ఉండొద్దు?

మామ: వాళ్ల దగ్గర మనుషులున్నరు, ఆఫీసులున్నయ్. ఇక్కడ ఒక్క స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ చేతుల ఎన్ని ఎంక్వైరీలు ఉంటయో తెలుసా నీకు? ఒక్కొక్కని జీవితచరిత్ర వినుకుంట కూసుంటే కొలువుల భర్తీ పదేండ్లకు గూడ కాదు. అందుకే గీత గీయాలె. బ్యాంకులు గీసినయ్ చూడు. 2021ల స్టేట్ బ్యాంకు ఒక ఆఫీసరు నియామకం రద్దు చేసింది, సిబిల్ రికార్డు బాగలేదని. ఆయన బాకీలన్నీ కట్టేసిన్నని కోర్టుకు పోయిండు. 2025ల మద్రాసు హైకోర్టు బ్యాంకు దిక్కే చెప్పింది. జనం సొమ్ము చూసేటోనికి తన సొమ్ము మీద క్రమశిక్షణ ఉండాలె అన్నది. నోటిఫికేషన్‌ల ముందే రాసిండ్రు, చదువుకోని అర్జీ పెట్టిండు. అన్యాయం ఏముంది?

అల్లుడు: ముందే రాసిండ్రు కాబట్టి కోర్టు కాదనలే. చట్టం సరే. కని ఆ నియమం మనిషి కట్టిన రోజును చూడది, కట్టని రోజునే చూస్తది. సిబిల్ అంటే ఏంది? అప్పు కట్టిన తీరుకు 300 నుంచి 900 దాక వేసే ఒక అంకె. ఆ అంకెకు మిత్తి తెలుసు, కారణం తెల్వది. ఐపీఎల్ బెట్టింగుల పోగొట్టుకున్నోడు, అవ్వ ఆపరేషన్‌కు వాడుకున్నోడు, దానికి ఇద్దరూ ఒక్కటే. 2010ల మైక్రోఫైనాన్సోళ్ల ఆగడాలకు ఎంతమంది ఆడోళ్లు బలైండ్రో నీకు తెలుసు. ఆ అక్టోబర్‌ల అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఆగిపోయినయ్, లక్షల ఖాతాలు కట్టని ఖాతాల కింద మిగిలిపోయినయ్. పేరు ఖరాబైందని కొత్త అప్పు పుట్టని ఆడోళ్లు నా దగ్గరికి వచ్చిండ్రు. ఇంకొకటి చెప్త. ఫైనాన్సోడు ఫోన్ చేసి, "సగం కట్టు చాలు, సెటిల్ చేస్త" అంటడు. మనోడు దండం పెట్టి కడ్తడు. సిబిల్ రిపోర్టుల 'క్లోజ్డ్' అని రాదు, 'సెటిల్డ్' అని వస్తది. అంటే పూర్తిగ కట్టలేదని ముద్ర. ఆ తేడా ఎవలు చెప్పిండ్రు వానికి?

మామ: తెలుసుకోవాలె. రేపు కొలువు చేసేటోడు.

అల్లుడు: నేనూ అదే అంట. ఏడాదికోసారి ఉచితంగ ఆ రిపోర్టు తీసుకునే హక్కు ఉన్నది. తప్పుంటే ఫిర్యాదు చెయ్యాలె. 30 రోజుల్ల సరిచెయ్యకపోతే రోజుకు వంద రూపాయల లెక్కన పరిహారం ఇయ్యాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమలు. కొలువుకు అర్జీ పెట్టేనాడే ఈ పని చేసుకోవాలె. సగం కట్టినోడు మిగిలింది కట్టి, బాకీ లేదన్న కాయితం తెచ్చుకోవాలె. పిల్లలకు కోచింగ్‌ల ఇది ఎవ్వలూ చెప్పరు.

(ఇక్కడ నేను సిగ్గుపడ్డాను. ఆరేళ్లు చక్రవడ్డీ లెక్కలు చేయించాను. చెక్కు మీద సంతకం అంటే ఏమిటో ఒక్కరోజూ చెప్పలేదు.)

మామ: నువ్వు చెప్పేవన్నీ మంచి మనుషుల ముచ్చట్లు. సిద్దిపేటను మరిచిపోయినవా? 2023 డిసెంబర్. కలెక్టర్ దగ్గర గన్‌మన్. ఆన్‌లైన్ బెట్టింగు అప్పులని పేపర్లల్ల వచ్చింది. సర్కారు నమ్మి చేతికిచ్చిన తుపాకి... పెండ్లాం, ఇద్దరు పసిపోరగాళ్లు, ఆఖరికి తనూ. మీ సిరిసిల్ల పక్క జిల్లానే గదా. ఆ రోజు నాకు అన్నం పోలే. అప్పు సంగతి ఎవలన్న ముందుగ చూసి ఉంటే ఆ చేతి నుంచి తుపాకి తీసుకునేటోళ్లు గాదా? ఇండ్ల శత్రుదేశం లేదు, గూఢచారి లేడు. అప్పు, తుపాకి, గంతే. నేను కఠినం అంటే అది గుర్తుకొచ్చి అంటున్న.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చాటలో కత్తెర చప్పుడు కూడా ఆగింది.)

అల్లుడు: ఆ ముచ్చట నేను గూడ మరువలే మామ. నాకు ఒక్కటే అనిపిస్తది. అతను ఆ అప్పు సంగతి తన ఆఫీసరుకు చెప్పుకోగలిగేటోడా? చెప్తే ఏమైతదని అనుకునేటోడు? కొలువు పోతది, పరువు పోతది, అప్పు మాత్రం అట్లనే ఉంటది. గందుకే చెప్పరు. నియమం ఎంత కఠినమైతే దాచుడు అంత ఎక్కువైతది. నువ్వు ముక్కుతాడు అన్నవ్. ఆ తాడు అప్పు గాదు మామ, దాచిన అప్పు. నా అప్పు మా ఆఫీసరుకు తెలిసి ఉంటే, బాకీలోడు వచ్చి గేటు తెరువమంటే నాకేం భయం? "పోయి చెప్పుకో, ఆయనకు తెలుసు" అంట. ఎవ్వలకూ తెల్వకపోతేనే వాని చేతుల తాడు.

మామ: అంటే చెప్పినోన్నల్లా మాఫీ చెయ్యాలెనా? బెట్టింగోడు వచ్చి చెప్పినా తుపాకి ఇయ్యాలెనా?

అల్లుడు: ఇయ్యొద్దు. చెప్పిన నాడు తుపాకి తీసుకోవాలె. కొలువు తీసుకోవద్దు. వేరే పనికి పెట్టు, జీతంల నుంచి కట్టే దారి చూపు, డాక్టరుకు చూపియ్యి. తేరుకున్నంక మల్ల చూద్దువు. చెప్పినోనికి శిక్ష, దాచినోనికి జీతం ఉన్నన్ని రోజులు మనం దాచేటోళ్లనే తయారు చేస్తం.

మామ: ...ఆ మాట పట్టుకో. తుపాకి తీసుకోవాలె అన్నవ్ గదా. గంత వరకు నువ్వు, నేను ఒక్కటే. ఇగ వీని సంగతికి రా. వీని మీద ఉన్నది వట్టి బాకీ గాదు, చెక్కు కేసు. అది క్రిమినల్.

అల్లుడు: అవును, అదే అసలు కష్టం. అప్పు కట్టలేకపోవుడు నేరం గాదు. పైసలు లేనందుకు మనిషిని జైల్ల పెట్టొద్దని, ఉండీ ఎగ్గొట్టేటోడు వేరని 1980లనే సుప్రీంకోర్టు చెప్పింది, జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు. కని అదే అప్పుకు చెక్కు రాసిచ్చి, అది తిరిగొచ్చి, నోటీసు అందినంక 15 రోజుల్ల కట్టకపోతే చెక్కుల చట్టం 138వ సెక్షను కింద నేరం, రెండేండ్ల దాక శిక్ష పడొచ్చు. దుబాయిలనే 2022 జనవరి నుంచి చానా మటుకు చెక్కు కేసులను జైలు నుంచి తప్పించి వసూలు దావాల కిందికి మార్చిండ్రు. మన దగ్గర ఇంకా నేరమే. అయితే ఇది రాజీకి వీలున్న కేసు. లోక్ అదాలత్‌ల కూసోబెట్టి నేను తీరుస్త. కని ఇయ్యాల కేసు ఉన్నది, ఇయ్యాల ఫారం నింపుతున్నడు. కాబట్టి ఉన్నదనే రాయాలె.

పిలగాడు: రాస్తే కొలువు పోతదేమో గదా అన్నా?

అల్లుడు: పోదని నేను జమానతు ఉండలేను తమ్ముడూ. 2016ల అవతార్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల తీర్పు ఇచ్చింది. ముగిసిన కేసును ఉన్నదున్నట్టు చెప్పినోన్ని గూడ కొలువుల తీసుకోవాలని సర్కారును బలవంతం చెయ్యరాదు. కని నడుస్తున్నది చిన్న కేసైతే, ఉన్నది ఉన్నట్టు చెప్పినోడైతే ఆలోచించి తీసుకోవచ్చు. దాచినోడు దొరికితే మాత్రం కేసు కంటే దాచుడే పెద్ద తప్పై కూసుంటది. ఫారం మొదట్లనే ఉన్నది చూడు, అబద్ధం రాసినా, సంగతి దాచినా అనర్హతనే అని.

మామ: పదేండ్లకు దొరికినా దొరికినట్టే. ప్రమోషన్ నాడు ఎవడో గిట్టనోడు ఆకాశరామన్న ఉత్తరం రాస్తడు. దాచినోని బతుకంత ఆ ఉత్తరం కోసం ఎదురుచూసుడే. దాన్నే నేను ముక్కుతాడు అన్న.

(అప్పటిదాకా మాట్లాడని తల్లి, చుట్టిన బీడీలను ఇరవై ఐదు లెక్కపెట్టి కట్ట కట్టి, చాటను పక్కన పెట్టింది.)

తల్లి: అన్నా, నాకు సదువు రాదు, ఒక్కటి అడుగుత. వీడు సంతకం పెట్టింది తాగి గాదు, ఆడి గాదు. వాళ్ల బాపు విమానం ఎక్కాలని పెట్టిండు. బాపు తిరిగొచ్చినంక ఆరు నెలలు పొద్దుగాల పేపర్లు ఏసి, రాత్రి హోటల్ల పనిజేసి మిత్తి కట్టిండు. నా బీడీ పైసలు గూడ అండ్లనే పోయినయ్. కేసు ఉన్నది అని రాయమంటున్నరు, రాస్తడు. మరి గిదంత రాసేటందుకు ఆ గడిల జాగ ఉన్నదా?

మామ ఫారం తీసుకుని కళ్లజోడు సవరించుకున్నాడు. ఆ గడి రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. "ఉన్నది", "లేదు" అనే రెండు మాటలకూ, కేసు వివరాలకు కొంచెం ఖాళీకీ సరిపోయేంత. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత, అల్లుడివైపు చూడకుండా, ఒక సంగతి చెప్పాడు.

మామ: ఒకసారి ఒక పిలగాని మీద, "కుటుంబం అప్పులల్ల మునిగి ఉన్నది" అని రిపోర్టుల నేనే ఒక లైను రాసిన. ఎవ్వలూ అడగలే, నాకు అవసరమనిపించి రాసిన. సేటు మొఖం చూసి రాసిన. అప్పు దేనికి అయిందని అడగలే. ఆ తర్వాత తెలిసింది, వాళ్ల చెల్లెకు కాలిన గాయాలైతే హైదరాబాదు దవాఖానల మూడు నెలలు పెట్టుకున్నరట. ఆ లైను వల్ల వాని కొలువుకు ఏమైందో నేను మల్ల పోయి తెలుసుకోలే. తెలుసుకోవాలంటే భయమైంది.

అల్లుడు: మామ...

మామ: నేను చూడొద్దంటలేను. ఇప్పటికీ అప్పు చూడాలెననే అంట. చూసినోడు అడగాలె. ఎంత అని గాదు, ఎట్ల అయిందని, అయినంక ఏం చేసినవని. గది నేను అడగలే.

ఈ ఇద్దరి మధ్య కూర్చున్న నాకు నా సొంత మాట ఒకటి చెప్పాలని ఉంది. దేశానికి కాపలా కాసేవాడి అప్పును దేశం చూడాల్సిందే. మామ భయం ఉత్త భయం కాదు. కానీ చూసే పద్ధతి చాటుగా కిరాణా కొట్టులోనో, చెవి లేని అంకెలోనో ఉండకూడదు. అది ఫారంలోనే ఉండాలి. అప్పు ఎలా అయింది, కట్టడానికి ఏం చేశావు, ఈ రెండింటికీ బాహాటంగా ఒక గడి కావాలి. చెప్పినవాడి మాట విని, కాదంటే ఎందుకు కాదంటున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. 1964లోనే మన నియమాల కింద ఆ గమనిక రాసిపెట్టారు, కష్టం వల్ల అయిన అప్పు వేరు, దుబారా వల్ల అయిన అప్పు వేరు అని. కొలువులో ఉన్నవాడికి ఇచ్చిన ఆ మాటను కొలువు గుమ్మం దగ్గర నిలబడ్డవాడికి కూడా ఇవ్వమని అడుగుతున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లల తరఫున ఇది నా విన్నపం.

అల్లుడు సంచిలోంచి తెల్లకాగితం తీశాడు. గడిలో పట్టనిది విడి కాగితం మీద రాసి జతచేద్దామన్నాడు. అబ్బాయి పెన్ను తీసి కూర్చున్నాడు. ముందు అల్లుడు చెప్పబోయాడు కానీ మామ ఆపాడు. ఫారంలో "ఉన్నది" అని రాయించి, కాగితం మీద వరుసగా చెప్పించడం మొదలుపెట్టాడు. కేసు నంబరు, సంవత్సరం, కోర్టు పేరు. అప్పు ఎంత, ఏ తారీఖున, దేనికి. తిరిగొచ్చిన పాస్‌పోర్టు మీద ముద్ర తారీఖు. కట్టిన మిత్తి ఎంత, ఎన్ని నెలలు, రశీదులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని లేవు. లేనివి లేవనే రాయమన్నాడు.

తల్లి లోపలికి వెళ్లి బియ్యం డబ్బా అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మడతలు పడ్డ రశీదులు. మామ ఒక్కొక్కటి విప్పి, మోకాలి మీద సాపు చేసి, తారీఖుల వరుసలో పేర్చాడు.

"అక్షరాలు జర పెద్దగ రాయి బిడ్డా" అన్నాడు. "రేపు నాలాంటోడే ఒకడు ఇది పట్టుకోని మీ ఇంటికి వస్తడు. వాడు మీ చేతి రాతనే సదవాలె."